కల్లు లేని రొట్టె కోసం బెజవాడ

బెజవాడ వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకటే అడిగారు. కొండెక్కి అమ్మవారిని చూశావా, కృష్ణలో మునిగావా అని. కొండా ఎక్కాను, మునిగాను కూడా. కాని నేను బయల్దేరింది అందుకు కాదు. రొట్టె చెయ్యడం నేర్చుకోవడానికి వెళ్ళాను. రొట్టె అంటే మనం పెనం మీద కాల్చుకునేది కాదు. ఆస్పత్రిలో రోగులకు పాలల్లో ముంచి పెడతారే, ఆ మెత్తని తెల్లరొట్టె. మా పేటలో ఏ ఆడదీ ఇలాంటి పనిమీద గడప దాటినట్టు నేను వినలేదు. వెళ్ళాలని ఉండి జంకేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చదువుతారని రాస్తున్నాను.

మాది నేత ఇల్లు, చల్లపల్లిలో. మా ఆయన మగ్గం నేస్తారు, అత్తయ్యా నేనూ నూలు చుడతాం. స్వరాజ్యం వచ్చిన ఏడు వర్షాల్లో అత్తయ్యకి టైఫాయిడు వచ్చింది. జ్వరమైతే దిగింది గాని మనిషి కోలుకోలేదు. పేగులు ఇంకా పచ్చిగా ఉన్నాయి, అన్నం పెట్టొద్దు, రొట్టే పాలూ పెట్టండి అన్నారు డాక్టరుగారు. మా ఊళ్ళో రొట్టె ఎక్కడ దొరుకుతుంది? బస్సు కండక్టరుని బతిమాలుకుంటే బెజవాడ నుంచి తెచ్చిపెట్టేవాడు. అత్తయ్య ఇష్టంగా తిన్నది. బుగ్గల మీదికి కాస్త రంగు వచ్చింది కూడాను.

అంతలో చూడ్డానికి వచ్చిన ఒకావిడ మంచం పక్కన కూచుని, "బెజవాడలో రొట్టెలన్నీ కల్లు పోసి పొంగిస్తారుటగా?" అన్నది. అత్తయ్య చేతిలో ముక్క కింద పెట్టేసింది.

అది మడీ ఆచారమూ కాదు. మా మామగారు కల్లు తాగి తాగి పోయిన మనిషి. "కాపురం అంతా ఆ వాసన భరించాను. ఇప్పుడు నా నోట్లో నేనే పోసుకోనా?" అన్నది అత్తయ్య. ఎవరెంత చెప్పినా మళ్ళీ ముట్టలేదు. జావ పెడితే మొహం తిప్పేసుకునేది. చేతి గాజులు మోచెయ్యి దాకా జారుతుంటే చూడలేకపోయాను.

"కల్లు లేకుండా రొట్టె పొంగదా అండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"నాకేం తెలుసు? నాకు తెలిసింది మగ్గం."

"అయితే నేను బెజవాడ వెళ్ళి కనుక్కుంటాను."

"ఎవరు చెబుతారు నీకు?"

"అడిగితే గదా తెలిసేది!"

"సరే, వెళ్ళు. మా అక్కయ్య ఇంట్లో ఉండు," అన్నారు. అత్తయ్యని మా తోడికోడలు చూసుకుంటానన్నది. నేను రెండు చీరలూ, నా లేసు అల్లిక సామానూ సంచిలో పెట్టుకున్నాను. మా పుట్టిల్లు నరసాపురం పక్క. అక్కడి ఆడవాళ్ళు మాట్లాడుతూ కూడా లేసు అల్లుతారు. చెయ్యి ఖాళీగా ఉంటే నాకు తోచదు.

పామర్రులో కాఫీ హోటలు

పెట్రోలు కరువు ఇంకా తీరలేదు గనక మా బస్సు బొగ్గు బస్సు. వెనకాల పొయ్యి లాంటిది కట్టి, బొగ్గు మండించి, ఆ పొగతో నడుపుతారు. ఎత్తు వచ్చిన చోటల్లా మగవాళ్ళు దిగి తొయ్యాలి. పామర్రు చేరేసరికి నా తెల్ల రవికె బూడిద రంగు తిరిగింది.

అక్కడ ఇంజను చల్లారే దాకా ఆగాం. నా పక్కన కూచున్న రైతుల ఇల్లాలు, నాకంటే పెద్దది, "రావమ్మా, హోటల్లో కాఫీ తాగుదాం" అన్నది. నేను హోటల్లో కాలు పెట్టి ఎరగను. ఆడవాళ్ళకి వేరే ఒక మూల గోనెపట్టా తెర కట్టి ఉంచారు. తెర వెనక బల్ల మీద కూచుని పెసరట్టు తిన్నాం. అల్లం దండిగా వేశారు. కాఫీ అణాన్నర. మా ఇంట్లో ఆ డబ్బుకి పాలే వస్తాయి గదా అనిపించింది గాని, తాగాక ఆ మాట మరిచిపోయాను.

"ఏం పని మీద వెళ్తున్నావమ్మా?" అని అడిగింది. చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. "అత్తగారి కోసమా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. "మా కోడలికి చెబుతాను ఈ మాట," అన్నది, గ్లాసు కింద పెడుతూ. అప్పుడు నవ్వింది.

భవానీపురం

బెజవాడ బస్సుల దగ్గరికి మా పెద్దాడపడుచు రాజ్యం వదిన వచ్చి నిలబడి ఉంది. జట్కా మాట్లాడి, కొండ వారగా కృష్ణ ఒడ్డునే భవానీపురం తీసుకువెళ్ళింది. అది బెజవాడ అనడానికే గాని పల్లెటూరే. వాకిట్లోకి ఏటిగాలి కొడుతూ ఉంటుంది. ఆరేసిన బట్టకి రాయి పెట్టకపోతే నదిలోకి పోతుంది.

బెజవాడ వాళ్ళకీ మనకీ తేడా మొదటి రోజే తెలిసింది. మా ఊళ్ళో కూర కావాలంటే దొడ్లోకి వెళతాం. ఇక్కడ కరివేపాకు రెబ్బ కూడా కొనుక్కోవాలి. పొద్దున లేస్తే పాలవాడు, పూలవాడు, ఇడ్లీలావిడ, సూదులూ దబ్బనాలూ అమ్మే ఆవిడ, ఒకరి తరవాత ఒకరు వీధిలో కేకలే. మా వదిన గుమ్మంలో నిలబడి అందరితోనూ బేరమాడుతుంది. అక్కర్లేనివాటికి కూడా ఆడుతుంది. అదొక కాలక్షేపం.

రొట్టె సంగతి చెబితే మాత్రం ఆవిడ మొహం ముడుచుకుంది.

"రొట్టెలు చేసే వాళ్ళెవరో నీకు తెలుసా? మనవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. పోయి వాళ్ళ పొయ్యి దగ్గర కూచుంటావా?"

"కూచుంటాను వదినా."

"ఊళ్ళో ఏమంటారు?"

"అత్తయ్యని చూస్తే మీరీ మాట అనరు. మనిషి మంచానికి అతుక్కుపోయింది."

అమ్మకి బాగాలేదని వదినకి తెలుసు గాని, ఇంత అని తెలియదు. చేతిలో గిన్నె కింద పెట్టి, "రైలు స్టేషను అవతల మార్తమ్మ అని ఒక కిరస్తానీ ఆవిడ ఉందిట. రైల్వే వాళ్ళందరూ ఆవిడ దగ్గరే కొంటారు," అన్నది. "వెళ్ళు గాని, రాగానే స్నానం చేసి లోపలికి రా. అంతే నేనడిగేది."

సరేనన్నాను. ఆవిడ ఇల్లు, ఆవిడ పద్ధతి. దాని మీద పేచీ పెట్టుకోడానికి నేను రాలేదు.

రైల్వే గేటు పక్క సందు

మార్తమ్మగారి ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. సందు మొదట్లోనే వాసన వచ్చింది. ఎలా చెప్పను? కొత్త బియ్యం ఉడికే వాసనా, నెయ్యి కాగే వాసనా రెండూ కలిసినట్టుంటుంది. ఆకలి లేనివాళ్ళకి కూడా ఆకలి పుడుతుంది.

ఇంటి ముందు చిన్న అద్దాల బీరువా. అందులో రొట్టెలూ, అర్ధణా బన్నులూ, నక్షత్రాల్లా కోసిన బిస్కత్తులూ పేర్చి ఉన్నాయి. వెనక పెరట్లో మనిషెత్తు మట్టి బట్టీ, పైన గుండ్రంగా గోపురంలాగా. దాని ముందు తుమ్మకట్టెలు సర్దుతోంది ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చీర, మోచేతుల దాకా పిండి. భర్త రైల్వేలో పనిచేస్తూ పోయాడని, అప్పటినుంచీ ఈ బట్టీ మీదే బతుకుతున్నదని తరవాత తెలిసింది.

నేను గుమ్మం అవతలే నిలబడి వచ్చిన పని చెప్పాను. ఆవిడ కట్టెలు సర్దడం ఆపలేదు.

"ఏ ఊరు మీది?"

"చల్లపల్లి అండి. మగ్గాల వాళ్ళం."

"రొట్టె కావాలంటే కొనుక్కుపో. నేర్పడం అవదు."

"కొన్నది మా అత్తయ్య తినదండి. కల్లు పోస్తారని."

"పోస్తాం. పొయ్యకపోతే పొంగదు."

"వేరే దారేమీ లేదా అండి?"

ఆవిడ అప్పుడు తిరిగి నా వైపు చూసింది. నేను గుమ్మానికి ఎంత దూరాన నిలబడ్డానో కూడా చూసింది. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. మా ఇళ్ళల్లో టీ అంటే తలనొప్పి వస్తే తాగేది. ఒక గ్లాసు అరుగు మీద పెట్టి, "తాగు," అన్నది.

నాకు అర్థమైంది.

"మీ వాళ్ళు వస్తారు," అన్నది ఆవిడ, కోపం లేకుండానే. "బన్ను కాగితంలో చుట్టించుకుని, డబ్బులు పైనుంచి నా చేతిలో వేసి పోతారు. నా చేతి నీళ్ళు తాగనివాళ్ళకి నా చేతి పని ఎట్లా చెప్పను? పిండి ఇద్దరం కలిసి పిసకాలి. ఒకే తొట్టి."

గ్లాసు వంక చూశాను. పుట్టి బుద్ధెరిగాక నేను దాటని గీత అది. ఇంట్లో ఏమంటారో, మా ఆయన ఏమంటారో, అసలు ఎవరి కోసం వచ్చానో ఆ అత్తయ్యే ఏమంటుందో! కాని వెనక్కి తిరిగితే బస్సెక్కి వట్టి చేతులతో ఆ మంచం దగ్గరికి వెళ్ళాలి. అరుగెక్కి కూచుని గ్లాసు తీసుకున్నాను. వేడివేడిగా ఉంది, బెల్లం వేసినట్టుంది. చివరిదాకా తాగాను.

"ఇంకాస్త పొయ్యనా?" అన్నది మార్తమ్మగారు.

"పొయ్యండి."

ఆవిడ ఫక్కున నవ్వి, "చేతులు కడుక్కుని రా," అన్నది.

పిండీ, లేసూ

"నేను చిన్నప్పుడు వంటపనికి ఉన్న ఇంటి దొరసాని కల్లు ముట్టేది కాదు," అని చెప్పింది పిండి జల్లిస్తూ. "ఎండుద్రాక్ష పళ్ళు చక్కెర నీళ్ళల్లో పులియబెట్టి, ఆ నీళ్ళతో రొట్టె పొంగించేది. చేసి ఎన్నేళ్ళయిందో! కుదురుతుందో లేదో నేను చెప్పలేను మరి."

"కుదిరేదాకా చేద్దామండి."

రేషనులో చక్కెర ఎంత వస్తుందో అందరికీ తెలుసు. వదిన తన వాటా చక్కెర పొట్లం కట్టి, ఏమీ అనకుండా నా సంచిలో పడేసింది. ద్రాక్షపళ్ళు కొని, కాచి చల్లార్చిన నీళ్ళల్లో వేసి, సీసా మూతికి గుడ్డ కట్టి బట్టీ పక్కన పెట్టాం. మొదటి సీసా బూజు పట్టింది. పారబోసి మళ్ళీ వేశాం. అది పులిసే లోపల కల్లు పిండితోనే నాకు పని నేర్పింది ఆవిడ.

రొట్టె పని చూడ్డానికి తేలిక. పిసికితే తెలుస్తుంది. చపాతీ పిండిలాగా నాలుగు గుద్దులు గుద్ది ఊరుకుంటే కాదు. మడవాలి, నొక్కాలి, లాగాలి, మళ్ళీ మడవాలి. మొదటి రోజు నా భుజాలు పైకి లేవలేదు. రెండో రోజు బట్టీలో చెయ్యి తగిలి మణికట్టు కాలింది. మార్తమ్మగారు వెన్న రాసి, "ఇక రావుగా?" అన్నది. మర్నాడు ఆవిడ తలుపు తీసేసరికి నేను అరుగు మీద కూచుని ఉన్నాను.

బట్టీలో కట్టెలు మండించి, నిప్పులన్నీ బయటికి లాగేసి, తడి గోనెతో అడుగు తుడిచి, గుప్పెడు పిండి లోపల చల్లుతుంది ఆవిడ. పిండి నల్లబడితే వేడెక్కువ. తెల్లగానే ఉంటే చాలదు. గోధుమరంగు తిరిగితే, "ఇప్పుడు," అంటుంది. కాలిన రొట్టెని తిరగేసి వేలితో అడుగున తట్టాలి. డొల్లగా మోగితే ఉడికినట్టు. ఎండిన సొరకాయని తట్టినట్టుంటుంది ఆ చప్పుడు.

పిండి పొంగే దాకా పనేమీ ఉండదు. అప్పుడు నేను సంచిలోంచి లేసు తీసేదాన్ని. ఆవిడ పిండిచేతులు తుడుచుకుని పక్కన కూచునేది.

"ఒక్క సూదితోనే ఇదంతా వస్తుందా?"

"ఒక్క సూదేనండి. ఇట్లా కొక్కెం ఉంటుంది. దారం లాగి ముడి, ముడిలోంచి ముడి."

"నాకు చెప్పు."

చెప్పాను. ఆవిడ వేళ్ళు లావు, కాలి కాలి గట్టిపడ్డవి. సన్నదారం వాటికి దొరికేది కాదు. ముడి జారిపోతే సూదిని తిట్టేది. "నువ్వు రొట్టె మాడిస్తే నేనొక్క మాట అన్నానా? నువ్వూ నవ్వకు," అనేది, తనే నవ్వుతూ. ఒకసారి మాటల్లో పడి ఇద్దరం పిండి మరిచిపోయాం. అది తొట్టిలోంచి పొంగి నేల మీదికి పాకింది. ఎత్తి కాలిస్తే చెక్కలాగా వచ్చింది. పక్కింటి కోళ్ళు కూడా ఆలోచించి తిన్నాయి.

సాయంత్రం భవానీపురం వెళ్ళేసరికి చలిగాలి. వదిన బావి దగ్గర నీళ్ళు తోడి పెట్టి ఉంచేది. వణుకుతూ స్నానం చేసి లోపలికి వెళ్ళేదాన్ని. ఒక రోజు తలుపు దగ్గరే ఎదురొచ్చి, నా మణికట్టు మీద బొబ్బ చూసింది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి పీట వేసింది. అన్నం వడ్డించింది. బావి మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ రోజు నుంచి నీళ్ళు తోడి పెట్టడం మానేసింది.

వన్ టౌన్‌లో అద్దాల బీరువాలు

ఇంటి దగ్గర రొట్టె కాల్చడానికి నాకు రేకు అచ్చు కావాలి. మార్తమ్మగారికి దారం ఉండలు కావాలి. వదినకి ఏమీ అక్కర్లేదు గాని తనూ వస్తానన్నది. ముగ్గురం వన్ టౌన్‌కి బయల్దేరాం. మార్తమ్మగారూ వదినా మొదట ఒకరి వంక ఒకరు చూసుకోకుండా నడిచారు. మధ్యలో నేను.

వన్ టౌన్ చూడాల్సిందే. సందులో తోపుడుబళ్ళు, మిరపకాయల బస్తాలు, బెల్లం దిమ్మలు, బంగారం కొట్లు, గుళ్ళు, అన్నీ ఒకదాని మీద ఒకటి. మా ఊళ్ళో కొట్టుకి వెళితే కావలసింది చెప్పి, కొని, వచ్చెయ్యాలి. ఇక్కడ ఫ్యాన్సీ షాపులని ఉన్నాయి. వాటిల్లో ఊరికే చూసి పోయినా ఎవరూ ఏమీ అనరు. అద్దాల బీరువాల్లో పట్టు రిబ్బన్లు, ముత్యాల గుండీలు, జడపిన్నులు, చిట్టి అత్తరు సీసాలు, పౌడరు డబ్బాలు, తాళం చెవి తిప్పితే గెంతే రేకు కప్ప. ఆ కప్పని షాపతను మాకోసం గెంతించాడు. వదిన చిన్నపిల్లలాగా ఇంకోసారి, ఇంకోసారి అన్నది. చివరికి సిగ్గుపడి జడపిన్నొకటి కొన్నది.

రంగు పూసల దండలు చూస్తూ వెనక్కి నడిచి, నేను పసుపు బస్తాల తోపుడుబండికి గుద్దుకున్నాను. నెత్తి నుంచి కాళ్ళ దాకా పసుపు. బండివాడు, "పెళ్ళికూతుర్ని చేశానమ్మా, పోండి," అన్నాడు. అక్కడ వదినా మార్తమ్మగారూ మొదటిసారి కలిసి నవ్వారు. నవ్వి, ఇద్దరూ చెరో పక్కా నిలబడి నా చీర దులిపారు.

దారపు ఉండ ఆరణాలన్నాడు. మార్తమ్మగారు నోరు తెరవక ముందే వదిన బేరం అందుకున్నది. ఎంతసేపు ఆడిందో గాని, ఐదణాలకి దింపి ఉండల్ని మార్తమ్మగారి చేతుల్లో పెట్టింది. చేతుల్లోనే పెట్టింది, పైనుంచి వెయ్యలేదు.

అచ్చులు ఏ షాపులోనూ లేవు. చివరికి ఒక సందులో రేకుల పని చేసే సాయిబుగారు బిస్కత్తు డబ్బా కోసి, మడిచి, మేకులు కొట్టి చేసిచ్చాడు. డబ్బా మీది దొరసాని బొమ్మ అచ్చు పక్కరేకు మీద అట్లాగే ఉండిపోయింది, కుక్కపిల్లని ఎత్తుకుని.

"ఇందులో ఏం చేస్తారమ్మా?"

"రొట్టె అండి. జబ్బు మనిషికి."

"అయితే అతుకు ఇంకోసారి చూస్తాను, ఇలా ఇవ్వండి," అని తీసుకుని మళ్ళీ సుత్తితో కొట్టాడు.

రెండో సీసా ఆ వారం చివర నురగ కట్టింది. చెవి దగ్గర పెడితే చిటపటమంటోంది. ఆ నీళ్ళతో నేనొక్కదాన్నే పిండి కలిపాను. మార్తమ్మగారు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. కల్లు పిండి కంటే నిదానంగా, సగం రోజు తీసుకుని పొంగింది. కాల్చి తీసి అడుగున తట్టాను. మోగింది. ఆవిడ ముక్క విరిచి, నాకు సగం పెట్టి, తను సగం తిన్నది. "మా దొరసాని రొట్టే ఇది," అన్నది. కళ్ళు తుడుచుకుని, బట్టీ పొగ అన్నది. బట్టీ చల్లారి చాలాసేపయింది.

ఉయ్యూరులో గొడవ

తిరుగు ప్రయాణానికి మార్తమ్మగారు రెండు శేర్ల మైదా మూటకట్టి ఇచ్చింది. ఆ మొదటి రొట్టె కాగితంలో చుట్టి, ద్రాక్షనీళ్ళ సీసా మూతికి గుడ్డ కట్టి, "గాలి ఆడాలి, జాగ్రత్త," అన్నది. వదిన మాత్రం బస్సులో ఒలికిపోతుందని భయపడి, నాకు చెప్పకుండానే గుడ్డ తీసి బిరడా బిగించింది. మంచికే చేసింది పాపం.

కంకిపాడు దాటాం. ఉయ్యూరు పొలిమేర వచ్చింది. ఒళ్ళో సంచిలో ఠప్పుమని చప్పుడు. బిరడా బస్సు టాపుకి తగిలి ఎవరి బుట్టలోనో పడింది. నురగ పొంగి నా చీరా, రొట్టె, ముందు సీటాయన భుజమూ తడిసిపోయాయి. బస్సంతా పులిసిన వాసన.

"కల్లు!" అని ఎవరో అరిచారు.

ఊరూరా మద్యనిషేధం మాటలే వినపడుతున్న రోజులవి. ముందు సీటాయన ఖద్దరు లాల్చీ తొడుక్కున్న పెద్దమనిషి. భుజం తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "స్వరాజ్యం వచ్చాక కూడా ఇదేం పని తల్లీ?" అన్నాడు. కండక్టరు బస్సు ఆపించాడు.

"దిగమ్మా. కల్లు సీసాతో బస్సెక్కడానికి వీల్లేదు."

"ఇది కల్లు కాదండీ. కల్లు లేకుండా రొట్టె చెయ్యడానికి ద్రాక్షపళ్ళ నీళ్ళు."

ఎవరూ నమ్మలేదు. ఒకరిద్దరు నవ్వారు. రొట్టె నానిపోయింది. సీసా అడుగున కాస్త నీళ్ళూ, ఉబ్బిన పళ్ళూ మాత్రం మిగిలాయి. అవి పోతే అన్నీ పోయినట్టే.

"నేను దిగను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా అత్తయ్య అన్నం తినక మంచంలో ఉంది. కల్లు పోసిన రొట్టె ముట్టనన్నది. అందుకని బెజవాడ వెళ్ళి ఇది నేర్చుకుని వస్తున్నాను. కావాలంటే మీరే చూడండి." సీసాలోంచి ద్రాక్షపండు తీసి నేను నోట్లో వేసుకున్నాను. ఇంకోటి ఖద్దరాయన ముందుకి చాపాను.

ఆయన అందరి మొహాలూ చూసి, పండు తీసుకుని నమిలాడు. "పుల్లగా ఉంది," అన్నాడు. తరవాత, "ద్రాక్షే," అన్నాడు. ఇంకాస్త నమిలి, "పోనీవయ్యా బస్సు," అని కండక్టరుకి చెప్పాడు.

మిగిలింది కాపాడుకోవాలి. సీసా మళ్ళీ కుదిపితే అదీ పోతుంది. మైదాలో కలిపేస్తే పిండిలో బతికి ఉంటుందని మార్తమ్మగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. కలపడానికి గిన్నె లేదు. బుట్ట పట్టుకుని కూచున్న ఒక ముసలమ్మ తన ఇత్తడి చెంబులో నీళ్ళు కిటికీలోంచి పారబోసి, "ఇందులో కలుపు," అన్నది. బస్సు ఊగుతుంటే ముద్ద చేశాను. తడిగుడ్డ కప్పాను.

"వెచ్చగా ఉండాలా అది?" అని అడిగింది ముసలమ్మ.

"అవునండి."

"అయితే వెనక్కి పో, బొగ్గుపొయ్యి దగ్గరికి."

ఎవరూ కూచోని ఆఖరి సీటు అది. పొగ కళ్ళల్లో పడుతుంది. చెంబు ఒళ్ళో పెట్టుకుని అక్కడ కూచున్నాను. ముసలమ్మ దిగేచోట చెంబు ఇవ్వబోతే, "ముద్ద కదపకు. చెంబు మళ్ళీ ఎప్పుడైనా ఇద్దువు గాని. బాలమ్మ అని అడుగు, మంటాడలో ఎవరైనా చెబుతారు," అని దిగిపోయింది. పామర్రులో ఖద్దరాయన దిగుతూ వెనక్కి వచ్చి, గుడ్డ తొలగించి చూశాడు. పిండి ఉబ్బి చెంబు అంచుకి వచ్చింది. "పొంగుతోందే!" అన్నాడు, ఇంట్లో పసిబిడ్డని చూసినట్టు.

చల్లపల్లి

ఇంటికి చేరేసరికి అత్తయ్య నిద్రపోతోంది. ఇంకా చిక్కింది. నేను చీరైనా మార్చకుండా పెరట్లోకి వెళ్ళాను. మళ్ళీ పిండి పొంగించుకోవడానికి కొంచెం ముద్ద విత్తనంలాగా దాచి, మిగతాది అచ్చులో పెట్టి, కుండలో దించి, కిందా పైనా నిప్పులు వేశాను. అడుగు మాడింది, మధ్య పచ్చిగా ఉంది. మా ఆయన వచ్చి చూశారు. నేను ఏడుస్తానేమో అనుకున్నట్టున్నారు. నాకు ఏడుపు రాలేదు. వేడి ఒక పక్కనే తగులుతోంది, కుండకి చుట్టూ మట్టి మెత్తాలి అన్నాను.

ఆయన మగ్గం వదిలి, చెరువుమట్టిలో ఊక కలిపి తొక్కి, పెద్ద మట్టికాగు ఒకటి పక్కకి పడుకోబెట్టి మందంగా మెత్తారు. అది ఆరే దాకా రోజూ విత్తనపు ముద్దకి పిడికెడు పిండి పెట్టి బతికించుకున్నాను. ఆరాక కట్టెలు మండించాను. నిప్పులు లాగి, గుప్పెడు పిండి లోపల చల్లాను. నల్లబడింది, ఆగాను. మళ్ళీ చల్లాను. గోధుమరంగు తిరిగింది.

రొట్టె తీసి తట్టాక, ముక్కలు కోసి, వేడిపాలు పోసి అత్తయ్య దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడని లేపి దిండుకి ఆనించాను.

"కల్లు లేదు గదా?"

"లేదత్తయ్యా. నా చేత్తో పులియబెట్టాను. ద్రాక్షపళ్ళు."

"ఎవరు నేర్పారు?"

"మార్తమ్మగారని, రైలు స్టేషను దగ్గర ఉంటారు. కిరస్తానీ ఆవిడ."

"వాళ్ళింట్లో తిన్నావా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకి కూడా అప్పటిదాకా చెప్పలేదు, అడగలేదు గనక.

"తిన్నాను. టీ తాగాను. ఒకే తొట్టిలో పిండి పిసికాం. అట్లా అయితేనే నేర్పుతానన్నారు, సరేనన్నాను."

అత్తయ్య నా మణికట్టు మీద మచ్చ చూస్తూ కూచున్నది.

"ఇట్లా తే," అన్నది.

గిన్నె ఇచ్చాను. చెంచాతో ముక్క నొక్కి, వాసన చూసి, నోట్లో పెట్టుకున్నది. మింగింది. ఇంకో ముక్క తీసుకున్నది. గిన్నె అడుగున పాలు కూడా తాగి, మూతి తుడుచుకుని, చాలా రోజుల తరవాత కాళ్ళు మంచం మీంచి కిందికి దించింది.

"చివర సందులో కామేశ్వరి కొడుక్కి కూడా ఈ జ్వరమేట," అన్నది. "రేపు పిండి కాస్త ఎక్కువ కలుపు."